పట్టాల మీద కూర్చున్న ఆడవాళ్లు

2024 మార్చి 3, ఆదివారం

వీక్లీ ఆఫ్. బట్టలు ఆరేస్తుంటే ముత్యం ఫోన్ చేశాడు. చిన్నప్పుడు మా ఊరు సైడింగులో మా వెనక లైను క్వార్టర్ వాళ్లది. ఇప్పుడు మంచిర్యాలలో మొబైల్ షాపు పెట్టుకున్నాడు. ఓపెన్ కాస్ట్ బొగ్గు గని మన ఊరి అంచుదాకా వచ్చేసిందని చెప్పాడు. ఈ ఏడు వానలు పోయాక సైడింగు ఉండదు. స్టేషను, క్వార్టర్లు, డిస్పెన్సరీ, మనవాళ్లను పూడ్చిన బొందలగడ్డ, అన్నీ తవ్వేస్తారు. అంతకుముందే అందరం ఒకసారి అక్కడ కలవాలని వాట్సాప్ గ్రూపులో అనుకున్నారట. ఏప్రిల్ ఆఖరి ఆదివారం.

నాకో పని అప్పగించాడు. ఊరి చరిత్ర రాసి ఆ రోజు చదవాలి. నేనే ఎందుకంటే, స్కూల్లో ఉన్నప్పటి నుంచి డైరీ రాసేదానివి నువ్వొక్కదానివే కదా అన్నాడు.

నేను గవర్నమెంటు దవాఖానలో లేబర్ రూమ్ స్టాఫ్ నర్సును. కేస్ షీట్లు రాసే చెయ్యి ఇది. అయినా సరేనన్నాను.

సాయంత్రం అంజి డ్యూటీ నుంచి వచ్చాక చెప్పాను. మా ఆయన అదే ఓపెన్ కాస్టులో డంపర్ నడుపుతాడు. మీ ఊరి మట్టి నా బండిలోనే పోతదేమో అని నవ్వాడు. నేను నవ్వలేదు. ఆయనా ఆపేశాడు.

మా దగ్గరే ఉంటున్న మా అమ్మ, అవ్వ మాత్రం అన్నం కలుపుతున్న చెయ్యి ఆపి ఒక్క మాట అడిగింది.

"బొందలగడ్డ గూడ పోతదా?"

మార్చి 6, బుధవారం

మొదలుపెట్టాను. ఇక్కడే చిత్తు రాసుకుని తర్వాత ఫెయిర్ చేస్తాను.

ఊరికి సర్కారు పేరు ఒకటుండేది. గని పేరు, దాని పక్కన ఒక నంబరు. ఆ పేరుతో ఎవరూ పిలవలేదు. బొగ్గు నింపుకోవడానికి మెయిన్ లైన్ నుంచి అడవిలోకి ఒక రైలు పట్టా వేశారు. ఆ పట్టా పక్కన ముందు గుడిసెలు పడ్డాయి. తర్వాత క్వార్టర్లు, కిరాణం, కల్లు దుకాణం, పోచమ్మ గుడి, చర్చి, డేరా సినిమా. ఒక చిన్న స్టేషను. అందుకే సైడింగు. చుట్టుపక్కల పల్లెల్లో భూమి చాలని వాళ్లంతా వచ్చి గని పనిలో చేరారు. మా బాపు బుచ్చన్న కూడా అట్లాగే వచ్చాడు. నాగలి పట్టిన చేత్తోనే బొగ్గు ఎత్తే చెమ్మస్ పట్టాడు.

2003లో గని మూతపడింది. అందరికీ బదిలీలయ్యాయి. కొందరు గోదావరిఖని, కొందరు బెల్లంపల్లి, కొందరు శ్రీరాంపూర్. దసరాకు నిండుగా ఉన్న ఊరు ఉగాదికి ఖాళీ. మేము సామాను లారీలో ఎక్కించాక అవ్వ మళ్లీ లోపలికి వెళ్లి వాకిలి ఊడ్చి ముగ్గేసి వచ్చింది. లారీ డ్రైవర్ హారన్ కొడుతూనే ఉన్నాడు.

చదివి చూసుకున్నాను. తప్పేం లేదు. కానీ ఇది ఎవరైనా రాస్తారు.

మార్చి 7

డ్యూటీ. తలనొప్పి. రాయలేదు.

మార్చి 10, ఆదివారం

సైడింగు వాళ్లలో ఎవరిని కదిపినా ముందు చెప్పేది లేబర్ డబ్బా గురించే. బొగ్గు బండికి చివర ఒక పాత బోగీ తగిలించేవాళ్లు. పొద్దున రామగుండం పోయేది, సాయంత్రం వచ్చేది. నేను హైస్కూలుకు వెళ్లింది దాంట్లోనే. కాన్పులకు వెళ్లింది దాంట్లోనే. కూరగాయలు, కోళ్లు, పెళ్లి సామాను, ఒకసారి దూడ కూడా. దిగేసరికి అందరి ముఖాల మీద బొగ్గు దుమ్ము. ఎవరూ తుడుచుకునేవాళ్లు కాదు. ఇంటికి పోయి కడుక్కోవచ్చు కదా అనుకునేవాళ్లం.

ఆ డబ్బా ఊరికే రాలేదు. 1988 వానాకాలంలో ఊరి ఆడవాళ్లు పట్టాల మీద కూర్చుని బొగ్గు బండిని ఆపేశారు. డబ్బా ఇచ్చేదాకా లేవలేదు. ఇది అందరికీ తెలుసు. కానీ ఆ రోజే ఎందుకు కూర్చున్నారు? గ్రూపులో అడిగాను. వాయిస్ మెసేజీలు వచ్చాయి. పిల్లల బడి కోసమని ఒకాయన. అంగడి కోసమని ఇంకొకాయన. యూనియన్ వాళ్లు చెప్తే కూర్చున్నారని మరొకాయన. మెసేజ్ పెట్టినవాళ్లంతా మగవాళ్లే. ఆడవాళ్లలో ఒక్కరూ మాట్లాడలేదు.

నేను కూడా ఆ ఏడాదే దొరికాను. పుట్టాను అని రాయలేను. దొరికాను. సైడింగు ప్లాట్‌ఫాం మీద, పొద్దుగూకే వేళ, పాత చీరలో చుట్టి. అందుకే స్టేషన్ మాస్టర్ వామనరావు సారు భార్య పద్మావతమ్మ గారు సంధ్యారాణి అని పేరు పెట్టారు. పిల్లల్లేని అవ్వ పూలమ్మ, బాపు బుచ్చన్న నన్ను తెచ్చుకున్నారు. పాలు మాత్రం ఊరంతా ఇచ్చింది. పాలున్న తల్లుల దగ్గరికల్లా నన్ను తిప్పారు. నేను ఈ కథ వింటూ పెరిగాను. ఎవరూ నాకు లోటు చేయలేదు.

కానీ ఇప్పటికీ ఏ స్టేషన్లో దిగినా, నా తల్లి వయసుండే ఆడవాళ్లు కనిపిస్తే ముఖం చూస్తాను. నన్ను ప్లాట్‌ఫాం మీద వదిలేసి పోయిన మనిషి ఎట్లా ఉంటుందో అని. మంచి మనసుతో చూడను.

మార్చి 17, ఆదివారం

బెల్లంపల్లి వెళ్లాను. లస్మవ్వ దగ్గరికి. నాకు పాలిచ్చిన వాళ్లలో మొదటిది ఈమేనంటారు. చిన్న కిరాణం ముందు మంచం వేసుకుని కూర్చుంది. చూపు తగ్గింది. నా చెయ్యి పట్టుకుని, ముఖం తడిమి, సన్నగైనవని తిట్టింది. మొక్కజొన్న గారెలు పెట్టింది. డేరా సినిమా గురించి, కల్లు దుకాణం ముందు కొట్లాటల గురించి ఎన్ని చెప్పిందో. రాసుకోలేక ఫోన్లో రికార్డ్ పెట్టాను.

పట్టాల మీద కూర్చున్న సంగతి అడిగాను.

"కూసున్నం" అంది.

"ఎందుకు కూసున్నరు అవ్వా?"

"వాన వడుతుండె."

"వాన పడితే ఇంట్ల కూసుంటరు గని పట్టాల మీద కూసుంటరా?"

మనవరాలిని పిలిచి టీ పెట్టమంది. నేను లేచేటప్పుడు చెవి దగ్గరికి లాక్కుని చెప్పింది. "మీ అవ్వనడుగు బిడ్డా. ఆమె చెప్తె నేను చెప్తా."

మార్చి 18

అవ్వను అడిగాను. గుర్తులేదట.

మా క్వార్టర్ గోడకు ఏ ఏడాది ఏ రంగు వేశారో చెప్పగలదు ఆమె.

మార్చి 24, ఆదివారం

మంథని. వామనరావు సారు ఇంట్లో మధ్యాహ్నం దాకా ఉన్నాను. రిటైరై చాలా కాలమైంది. కాళ్లు వాచి ఉన్నాయి. ఉప్పు తగ్గించమని చెప్పాను. పద్మావతమ్మ గారు నేను చెప్పిన ప్రతిదానికీ విన్నారా విన్నారా అని ఆయన వైపు చూశారు.

సారు నన్ను చూస్తూ చెప్పడం మొదలుపెట్టారు. ఆ వానాకాలం వాగు పొంగి రోడ్డు మునిగిపోయింది. ఫోన్ లైన్లు తెగిపోయాయి. ఒక ఆడమనిషికి ప్రాణం మీదికి వచ్చింది. ఊరి ఆడవాళ్లంతా తడుస్తూ స్టేషనుకు వచ్చారు. ముందుకు పోవడానికి పైనుంచి అనుమతి అడిగే దారి లేదు. ఆయన తన పూచీ మీద బొగ్గు వ్యాగన్లు విప్పించి, ఇంజన్ ఒక్కదాన్నే ఆమె కోసం రామగుండం పంపారు.

తర్వాత పైవాళ్లు సంజాయిషీ అడిగారట. ఏం రాశారు సార్ అన్నాను. జరిగింది రాశానమ్మా అన్నారు. చదివినాయన ఫైలు మూసేసి, పోయి డ్యూటీ చేసుకోమన్నాడట.

"ఆమె బతికిందా?"

కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. లేదన్నారు.

"ఎవరామె సార్?"

ఆయన పద్మావతమ్మ గారి వైపు చూశారు. ఆమె నా పక్కకు వచ్చి కూర్చున్నారు. "ఊరి ఆడవాళ్లమంతా ఒక మాట అనుకున్నం తల్లీ. ఆ మాట విప్పవలసింది నేను కాదు. పూలమ్మ" అన్నారు.

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాను. ఒక ఆలోచన వచ్చింది. రాయను.

ఏప్రిల్ 2

అడగలేదు.

ఏప్రిల్ 5

ఈరోజూ అడగలేదు. డ్యూటీ నుంచి వచ్చేసరికి అవ్వ గుమ్మంలో కూర్చుని ఉంది. ఆదివారం నన్ను సైడింగుకు తీసుకుపోతవా అని అడిగింది. మోకాళ్ల నొప్పితో బజారుకే రాని మనిషి.

ఏప్రిల్ 7, ఆదివారం

పొద్దున్నే అంజి స్నేహితుడి ఆటోలో ముగ్గురం బయల్దేరాం. ఎండ ముదరకముందే రావాలని.

సైడింగు ఉంది. లేదు కూడా. క్వార్టర్లకు తలుపులు, కిటికీలు, పైకప్పు రేకులు ఎప్పుడో ఎవరో తీసుకుపోయారు. మా క్వార్టర్ వంటింట్లో తుమ్మ చెట్టు నా ఎత్తు దాటింది. స్టేషను గోడలు గట్టిగానే ఉన్నాయి. పట్టాలు అట్లాగే ఉన్నాయి, మధ్యలో గడ్డి. అటువైపు ఓపెన్ కాస్ట్ మట్టి గుట్టలు ఆకాశానికి అడ్డంగా నిలబడి ఉన్నాయి. డంపర్లు ఇక్కడికి వినబడుతున్నాయి.

అవ్వ మా ఇంటి వైపు కూడా చూడలేదు. నా భుజం పట్టుకుని పట్టాలు దాటింది. తిన్నగా బొందలగడ్డకు నడిచింది. కంపలు పక్కకు జరుపుతూ వెతికింది. పట్టాల కింద వేసే చెక్క స్లీపరు ఒకటి, నల్లబడి, నిలువుగా పాతి ఉంది. దాని ముందు నేల మీద కూర్చుంది. నన్నూ కూర్చోమంది.

"ఈడ నీ తల్లి ఉన్నది" అంది.

నేను కూర్చున్నాననుకుంటా. నిలబడ్డట్టు గుర్తులేదు. అంజి ఆటో వైపు వెళ్లి దూరంగా నిలబడ్డాడు.

అవ్వ చెప్పింది. నేను ఇంకా ఏమీ అడగలేదు, తనే చెప్పుకుంటూ పోయింది.

పట్టాలు బాగుచేసే గ్యాంగులో బిలాస్‌పూర్ వైపు వాళ్లు ఉండేవారట. వాగు గట్టున వాళ్ల డేరాలు. అందులో ఒకామె మా లైను నల్లా దగ్గర నీళ్లకు వచ్చేది. కడుపుతో ఉంది. భాష రాదు. పేరు అడిగితే ఫూల్‌బాయి అంది.

"నా పేరు పూలమ్మ అన్న. పువ్వు సూపెట్టిన. ఇద్దరిది ఒక్కటే పేరని ఆమెకు తెలిసి ఒక్కటే నవ్వుడు. అప్పటిసంది బిందె నింపుకొని ఊకె పోయేది కాదు. నా దగ్గర కూసునేది. నాకు పిల్లలు లేరని చేతుల్తోటి అడిగింది. లేరన్న. గుడికి మొక్కుతా అన్నట్టు సైగ చేసింది."

ఆ వానకు డేరాలోనే కాన్పయింది. పొద్దుగూకే వేళ. పిల్ల బాగానే పుట్టింది. రక్తం ఆగలేదు. డిస్పెన్సరీ కాంపౌండర్ వచ్చి చూసి, తన దగ్గర ఉన్న సూది వేసి, దీనికి పెద్ద దవాఖాన కావాలన్నాడు. రోడ్డు లేదు. పిల్లను లస్మవ్వకు ఇచ్చి, ఫూల్‌బాయిని తలుపు చెక్క మీద స్టేషనుకు మోసుకొచ్చారు.

"ఇంజన్ల గొంగడి పరిచి పండవెట్టినం. నా ఒళ్లె తలకాయ వెట్టుకున్న. ఆమె మొగడు కాళ్లు పట్టుకొని కూసున్నడు. డ్రైవర్ సీటీ కొట్టుకుంట, కొట్టుకుంట పోయిండు. నేను ఫూల్‌బాయి, ఫూల్‌బాయి అని పిలుసుకుంట కూసున్న. నిద్ర పోతదేమో అని. మెయిన్ లైన్ ఇంక రాలే. చెయ్యి సల్లవడ్డది."

ఇంజన్ వెనక్కి వచ్చింది. పొద్దున ఇక్కడ పూడ్చారు. గ్యాంగు వాళ్లు స్లీపరు పాతారు.

"బొందలగడ్డ నుంచి ఇండ్లకు పోలే. తానం గూడ చెయ్యలే. పట్టాలు దాటుతుంటే నువ్వు ఏడ్సినవ్. లస్మవ్వ ఆన్నే పట్టా మీద కూసొని నీకు పాలిచ్చుడు వెట్టింది. ఎదురుంగ బొగ్గు బండి కదిలేతందుకు ఉన్నది. లేవుమన్నరు. పాలు తాగుతుంది, లేవ అన్నది. నేను పోయి ఆమె పక్కకు కూసున్న. మన లైను కనకవ్వ కూసున్నది. ఇగ ఎవ్వలం లేవలే."

ఎన్నాళ్లు కూర్చున్నారో ఆమెకు లెక్క లేదు. వాన పడుతూనే ఉందట. మగవాళ్లు టార్పాలిన్ కట్టారు. వంట అక్కడే. నన్ను ఒళ్లో నుంచి ఒళ్లోకి మార్చుకున్నారు. కాన్పుకు పోవడానికైనా మనుషులెక్కే డబ్బా ఒకటి కావాలన్నారు. డబ్బా పంపిస్తామని పెద్ద సారు వచ్చి మాటిచ్చాక లేచారు.

ఇంటికొచ్చాక ఇంతవరకు రాయగలిగాను. ఇక చేతకావడం లేదు.

ఏప్రిల్ 8

అవ్వతో మాట్లాడలేదు. ఆమె వండింది తిన్నాను.

ఏప్రిల్ 9, ఉగాది

ముప్పై అయిదేళ్లు ఒకామెను తిట్టుకున్నాను. నన్ను వదిలేసి పోయిందని. ఆమె ఎక్కడికీ పోలేదు. నేను ఆడుకున్న చోటి నుంచి పట్టా దాటితే అక్కడే ఉంది.

కోపం ఎవరి మీదో తెలియడం లేదు. పచ్చడి అంజి చేశాడు. ఉప్పు ఎక్కువైంది.

ఏప్రిల్ 10, బుధవారం. పొద్దున ఆరు

కాన్పు తర్వాత రక్తం ఆగకపోతే మేము పీపీహెచ్ అంటాం. ఏం చేయాలో నిద్రలో లేపి అడిగినా చెప్తాను. ఆక్సిటోసిన్. పొట్ట మీద నుంచి గర్భసంచిని గట్టిగా మర్దన. రెండు చేతులకూ ఐవీ లైన్లు. బ్లడ్ బ్యాంకుకు ఫోన్. మా లేబర్ రూమ్ గోడ మీద చార్టు ఉంది.

ఆమె నా దగ్గరికి వచ్చి ఉంటే బతికేది. ఈ మాట పిచ్చిది. ఆమెకు రక్తం పోయిందే నన్ను కని.

అయినా రాస్తున్నాను. బతికేది.

ఏప్రిల్ 12

డ్యూటీలో ఇటుక బట్టీ నుంచి వచ్చిన ఒడిశా అమ్మాయి. నార్మల్ డెలివరీ. బ్లీడింగ్ తక్కువే. అయినా షిఫ్టు అయిపోయాక కూడా ఆమె మంచం దగ్గరే ఉన్నాను. సిస్టర్, ఇంటికి పోరా? అని ఆయా అడిగింది.

ఏప్రిల్ 14, ఆదివారం

అవ్వ తల దువ్వుతూ అడిగాను. ఎదురుగా ఉంటే అడగలేనని వెనక కూర్చున్నాను.

ఎందుకు దాచారు?

ఆమె చెప్పింది. నాకు పేరు పెట్టిన రోజు ఎవరో ముసలామె చూడడానికి వచ్చి, తల్లిని మింగి పుట్టింది అని గొణిగిందట. లస్మవ్వ ఆమెను వాకిలి దాటించింది. ఆ సాయంత్రమే ఊరి ఆడవాళ్లంతా పోచమ్మ ముందు మాట అనుకున్నారు. ఈ పిల్ల ప్లాట్‌ఫాం మీద దొరికింది. ఇదే కథ. పిల్లలకు ఇదే చెప్పాలి. మగవాళ్లతోనూ ఇదే అనిపించాలి.

"దొరికిన పిల్లంటే దేవుడిచ్చిన పిల్లంటరు. తల్లిని మింగిందంటే, బడిల అంటరు, పెండ్లిల అంటరు, నువ్వు కడుపుతోటి ఉన్ననాడు అంటరు. నువ్వు యాడికి పోయినా ఆ మాట ముంగట నడుస్తది. మాకు గదే సమజైంది."

"పెద్దయినంక నాకన్న చెప్పాలె గదా."

"నర్సు కోర్సు చదివేటప్పుడు చెప్దామనుకున్న. పెండ్లప్పుడు అనుకున్న. అటెన్క భయమైంది."

"ఏం భయం?"

దువ్వెన ఆగింది. నేనే ఆపానో ఆమె తల కదిలిందో.

"నువ్వు ఆమె దిక్కు పోతవని" అంది.

తర్వాత నన్ను కన్న తండ్రి గురించి చెప్పింది. పేరు మంగ్లూ. గ్యాంగు వేరే లైనుకు మారినప్పుడు నన్ను అవ్వ ఒళ్లో పెట్టి, పంటలయ్యాక వస్తానని పోయాడు. మరుసటి ఏడు నిజంగానే వచ్చాడు. అవ్వ నన్ను పట్టుకుని తలుపు వెనక దాక్కుంది. బాపే బయటికి పిలిచాడు. మంగ్లూ నన్ను ఎత్తుకున్నాడు. నేను ఏడుస్తూ అవ్వ కోసం చేతులు చాపానట. ఆయన చాలాసేపు చూసి నన్ను తిరిగి ఇచ్చేశాడు. బాపుతో కలిసి అన్నం తిన్నాడు. స్లీపరు దగ్గరికి వెళ్లి వచ్చాడు. పొద్దున బండికి పోయాడు. మళ్లీ రాలేదు.

అవ్వ నా వైపు తిరిగింది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. "ఇప్పుడు నీ ఇష్టం" అంది.

నేను జడ పూర్తిచేశాను. రబ్బర్ బ్యాండ్ వేశాను. నాకు ఆకలిగా ఉంది, ఏమన్నా చెయ్యి అన్నాను. సర్వపిండి చేసింది. వారం తర్వాత కలిసి తిన్నాం.

ఏప్రిల్ 21

చరిత్ర మొత్తం మళ్లీ రాశాను. అవ్వకు చదివి వినిపించాను. ఒక చోట ఆపి సరిచేసింది. కనకవ్వ తన కంటే ముందే కూర్చుందేమోనట. కనకవ్వకు ఫోన్ చేసి అడిగాం. కాదు పూలమ్మే ముందు అంది. ఇద్దరూ నువ్వంటే నువ్వు అని అరగంట మాట్లాడుకున్నారు.

ఏప్రిల్ 28, ఆదివారం

ఇంతమంది వస్తారని ముత్యం కూడా అనుకోలేదు. కార్లు, ఆటోలు, ఒక కాలేజీ బస్సు. స్టేషను ముందు షామియానా. పొద్దున ఎనిమిదికే ఎండ చురుక్కుమంటోంది. ఎవరి క్వార్టర్ దగ్గర వాళ్లు నిలబడి ఫోటోలు దిగారు. గోడలు లేని చోట ఇది మా వంటిల్లు, ఇది మా అరుగు అని పిల్లలకు చూపించారు. వామనరావు సారు కుర్చీలో ప్లాట్‌ఫాం మీద కూర్చున్నారు. రైలు వస్తుందా సార్ అని ఎవరో అడిగారు. లేటు అన్నారు.

నేను చదివాను. గని తెరిచింది, క్వార్టర్లు కట్టింది, డేరా సినిమా, అందరూ నవ్వారు. తర్వాత వాన దగ్గరికి వచ్చాను. ఫూల్‌బాయి అనే పేరు చదివేసరికి వెనక వరసలో మాటలు ఆగిపోయాయి. ఆ తర్వాత ఊరికి వచ్చిన మగవాళ్లకు ఇది తెలియదు. మా వయసు వాళ్లకు ఎవరికీ తెలియదు. ప్లాట్‌ఫాం మీద దొరికిన సంధ్య అనే అందరికీ తెలుసు.

లస్మవ్వ పట్టా మీద కూర్చుంది అని చదివాను. లస్మవ్వ మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని లేచి నిలబడింది. ఎవరూ లేవమనలేదు. పూలమ్మ కూర్చుంది అన్నాను. అవ్వ లేచింది. కనకవ్వ లేచింది. నా చేతిలో ఆ తర్వాతి పేర్లు ఉన్నాయి. చదివే అవసరం రాలేదు. షామియానా కింద ఒక్కొక్కరే లేస్తున్నారు. తెల్ల జుట్లు, చేతి కర్రలు. తర్వాత నా కంటే చిన్నదొకామె లేచింది. ఆమె అప్పటికి పుట్టనే లేదు.

"మా అమ్మ గూడ ఉండె" అంది. "ఆమె లేదు. అందుకే నేను నిలబడ్డ."

అట్లా ఇంకా చాలామంది కూతుళ్లు లేచారు. మగవాళ్లంతా కూర్చునే ఉన్నారు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. నేను కాగితం మడిచి కిందికి దిగి ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్లాను.

బగారా అన్నం వడ్డించేటప్పుడు ముత్యం నా దగ్గరికి వచ్చి, బొందలగడ్డ సంగతి ఏం చేద్దామన్నాడు. అప్పటికే అందరూ అదే మాట్లాడుకుంటున్నారు. తమవాళ్లు ఉన్న ప్రతి ఇంటివాళ్లూ వచ్చి అస్థికలు తీసుకోవాలని తేలింది. ఫూల్‌బాయిని ఎవరు తీసుకోవాలన్నది ఎవరూ అడగలేదు.

మే 19, ఆదివారం

ఎండ పడకముందే సైడింగు చేరాం. స్లీపరు ముందు కొబ్బరికాయ కొట్టాక అంజి తవ్వాడు. రోజూ అంత పెద్ద మెషీన్ నడిపే మనిషి, చిన్న పారతో, మట్టి చేత్తో తీస్తూ తవ్వాడు. మధ్యలో ఆగి, అత్తమ్మా, కొంచెం పైలం అన్నట్టు గొణిగాడు. ఎవరితో అన్నాడో నేను అడగలేదు.

దొరికింది కొంచెమే. కొత్త గుడ్డలో కట్టాం. మంథని దగ్గర గోదావరిలో కలిపాం. నీళ్లు తక్కువగా ఉన్నాయి, లోపలిదాకా నడవాల్సి వచ్చింది. అవ్వ నా చెయ్యి వదల్లేదు. నేను మునిగి లేచాను. లేచాక ఒక్కసారిగా ఆకలి, నిద్ర, అన్నీ వచ్చాయి. ఇంటికి వచ్చి పడుకుంటే సాయంత్రం దాకా మెలకువ రాలేదు.

జూన్ 3

అవ్వ టీ తాగుతూ అడిగింది. బిలాస్‌పూర్ బండి ఏ రోజు ఉంటుందని.

నేను ఎందుకని అడిగాను.

"పోదాం పా. నేనుంటె వాళ్లకు నమ్మిక ఉంటది. నువ్వొక్కదానివి పోయి ఏమని చెప్తవ్?"

మంగ్లూ తన ఊరు ఖైరీ అని చెప్పినట్టు ఆమెకు గుర్తు. ఫోన్లో చూశాను. ఆ పేరుతో అటువైపు ఎన్నో ఊర్లు ఉన్నాయి. అంజి చూసి, సెలవు ఎక్కువే పెట్టు అన్నాడు.

జూన్ 16, రైల్లో

గోందియా దాటింది. బయట మబ్బు, దున్నిన నేలలు. అవ్వ నిన్నటి నుంచి కింది బెర్తు ఆడవాళ్లతో సైగలతోనే మాట్లాడుతోంది. వాళ్లది దుర్గ్ దగ్గర ఊరట. ఇందాక ఒకామె నన్ను చూపించి ఈమె ఎవరని అడిగింది.

"ఫూల్‌బాయి నోని" అంది అవ్వ.

నోని అంటే ఏందవ్వా అని అడిగాను.

బిడ్డ అంది. నల్లా దగ్గర ఫూల్‌బాయి నేర్పిన మాటట.